వేట మానిన కన్ను

సెలవునాడు మెడలో కెమేరా తగిలించుకొని చెరువుగట్టు వెంట తిరిగే తెలుగు ఉపన్యాసకుణ్ణి చూచి మా విద్యార్థులు నవ్వుకుంటారని నాకు తెలుసు. ఛందస్సు చెప్పే మాస్టారికి ఈ పిట్టల పిచ్చి ఏమిటని వారి సందేహం. ఆ సందేహానికి సమాధానం చెప్పవలసిన వేళ వచ్చింది. చెప్పడంతోపాటు ఒక తప్పు కూడా ఒప్పుకోవలసి ఉన్నది.

మనుచరిత్రలో స్వరోచి వేట ఘట్టం పాఠం చెప్పినప్పుడల్లా నాకొక మాట తోచేది. వేటకానికి కావలసిన గుణాలే వన్యప్రాణుల ఛాయాచిత్రకారునికీ కావాలి. గాలివాలు తెలియాలి, అడుగుల చప్పుడు కాకూడదు, ఓర్పు ఉండాలి. భేదమల్లా ఒక్కటే. మా వేట ముగిసిన తరువాత ప్రాణి బ్రతికే ఉంటుంది. ఈ మాట చాలాకాలం గర్వంగా చెప్పుకొనేవాణ్ణి.

ఒక వేసవిలో ఊరి బయట బీడునేలలో తీతువుపిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. గూడంటే పుల్లల గూడు కాదు. గులకరాళ్ల నడుమ చిన్న గుంట. మండుటెండలో ఆ జంట వంతులవారీగా గుడ్లపై నిలిచి నీడపడుతుంది. పొట్టమీది ఈకలను నీట తడిపి తెచ్చి చల్లదనమిస్తుంది. ఆ దృశ్యాన్ని చలనచిత్రంగా తీయాలని నేను సమీపంలోనే చతికిలబడ్డాను. పిట్టలు నా తలచుట్టూ అరుస్తూ తిరిగాయే గాని వాలలేదు. ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అనుకుంటూ గంట గడిపాను. నేల చేయి పెట్టలేనంతగా కాలుతున్నది. నేను లేచిపోయాక పిట్టలు తిరిగి వచ్చాయి గాని, నెల నిండినా ఒక్క గుడ్డూ పిల్ల కాలేదు. అది నావల్లనే జరిగిందని నిరూపించలేను. నావల్ల కాదని నమ్మనూ లేను. తీతువు అరుపు అపశకునమని మనవారంటారు. ఆనాడు ఆ పిట్టలకు అపశకునం నేనే.

అయితే కెమేరాను అవతల పారవేయవలసిందేనా? కాదని నా అభిప్రాయం. తోటి అధికారులు పులులను తుపాకితో కాల్చే రోజులలో ఛాంపియన్ అనే ఆంగ్ల అటవీ అధికారి, పులి కాలు తీగకు తగిలినప్పుడు కెమేరా తానే పనిచేసే ఏర్పాటు చేసి, ఆ చిత్రాలతో 1927లో గ్రంథం వెలువరించాడు. నేడు మన నల్లమలలో చారల తేడాలనుబట్టి పులులను లెక్కించే కెమేరాలు ఆ పద్ధతికి వారసులే. గుజరాత్ తీరంలో తిమింగలసొరల వధను మైక్ పాండే 2000లో చలనచిత్రంగా చూపగా, మరుసటి ఏడాదే, 2001లో, ఆ చేపకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ లభించింది. 1900 తరువాత కనుమరుగై 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించిన కలివికోడి రాత్రి సంచరించే పక్షి. దాని జాడ తీయడానికి కూడా పరిశోధకులు ముళ్లపొదల నడుమ కెమేరాలు అమర్చారు. వీటన్నిటిలో కెమేరా ప్రాణి పక్షాన నిలిచింది. నా కెమేరా ఆ మధ్యాహ్నం నా పక్షాన మాత్రమే నిలిచింది. దోషం యంత్రానిది కాదు, ఆశది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క విన్నపం. నేడు పిల్లల చేతిలోని ఫోనే కెమేరా. వారి ఉత్సాహాన్ని అణచకండి. కాని పాఠశాలలో ఛాయాచిత్రాల పోటీ పెట్టినప్పుడు గూటి చిత్రాలకూ, గుడ్ల చిత్రాలకూ బహుమతి ఇవ్వకండి. చిత్రం ఎంత బాగున్నదో చూచే ముందు, దానిని ఎట్లా తీశావని అడగండి. ఆ పిట్ట పేరేమి, ఏమి తింటుంది, నీవు వచ్చాక ఏమి చేసింది అని వ్రాయించండి. టెలివిజన్ పుణ్యమా అని ఆఫ్రికా సింహాన్ని గుర్తుపట్టే మన పిల్లలకు పెరటి పిట్ట పేరు తెలియకపోవడం తెలుగు మాస్టారుగా నాకు సిగ్గుగా ఉన్నది.

ఇప్పటికీ ప్రతి వేసవిలో ఆ బీడుకు వెడతాను. తీతువు అరవడం మొదలుపెట్టగానే వెనుదిరుగుతాను. గుడ్లకు నీడపట్టే తీతువు చిత్రం నావద్ద నేటికీ లేదు. నిరుడు మాత్రం, వెనుదిరిగే ముందు, దూరాన బుడిబుడి అడుగులతో పరుగెత్తే మూడు పిల్లలను చూచాను.