చిత్రమును మెచ్చుట, చిత్రమును దిద్దుట

పులుసు రుచి చూచి ఉప్పు చాలలేదని చెప్పుటకు మన యిండ్లలో నెవ్వరును జంకరు. అట్లు చెప్పినందున మరునాటి పులుసు బాగుపడును. కాని యింటి కోడలు తానై యొక ఛాయాచిత్రమును తీసి చూపినపుడు మాత్రము మనకు రెండే మాటలు తోచును. "బాగున్నది" యనునది యొకటి. "ఇదేమి బొమ్మ?" యనునది రెండవది. మొదటిమాటవలన ఆమె నేర్చుకొనున దేమియు లేదు. రెండవమాటవలన ఆమె కెమెరాను బీరువాలో పెట్టి తాళము వేయును. ఈ రెంటికిని నడుమ నొక త్రోవ కలదు. దానిని గూర్చి యీ మాసము సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

స్త్రీలు కెమెరా యెదుట కూర్చుండుటయే యరుదైన కాలమున, 1892లో, రాజా దీనదయాళు హైదరాబాదులో ఘోషా స్త్రీలకొరకు ప్రత్యేకముగ జనానా స్టూడియోను తెరచి, దాని నిర్వహణము నొక ఆంగ్లవనిత కప్పగించెను. నాడు మనము చిత్రింపబడువారము. నేడు సెల్‌ఫోను చేతనున్న ప్రతి యిల్లాలును చిత్రము తీయగలదు. తీయు చేతులు పెరిగినంతగా, చూచి చెప్పగల కన్నులు పెరుగలేదు.

ఒక యుదాహరణము చెప్పెదము. వేసవిలో నొక యింట అత్తగారు ఆవకాయ కలుపుచున్నా రనుకొందము. కోడలు ఆ దృశ్యమును చిత్రము తీసినది. అత్తగారి వెనుక నున్న కిటికీ యెండకు తెల్లగా వెలిగిపోవుచున్నది. ఆమె మొగము నీడలో మునిగిపోయినది. చూచినవారిలో నొకామె "ఎంత బాగున్నదో!" యనును. ఇంకొకామె "మొగము మసిబొగ్గువలె నున్న"దని నవ్వును. పొరుగింటి పెద్దామె యట్లు గాక, "అమ్మాయీ, మీ అత్తగారి చేతులును, జాడీయు చక్కగా వచ్చినవి. కాని నా చూపు మొదట కిటికీమీదికే పోవుచున్నది. నీవు కోరినది కిటికీయా, అత్తగారి మొగమా? మొగమే యైనచో ఆమెను కిటికీవైపు మొగము పెట్టి కూర్చుండుమని, నీవు కిటికీదగ్గర నిలిచి తీసి చూడుము. తీయుటకు ముందు ఫోనులో ఆమె మొగముమీద వ్రేలు తాకింపుము, వెలుగు సరిపడును" అనును.

ఈ మాటలలో నాలుగు పనులు జరిగినవి. బాగున్న దానిని పేరుపెట్టి చెప్పినది. తన చూపు ఎక్కడకు పోయినదో చెప్పినదే కాని, చిత్రము పనికివచ్చునో రాదో తీర్పు చెప్పలేదు. తీసిన యామె కోరికను అడిగినది. రేపే చేసి చూడదగిన పని నొకదానిని చూపినది. ఆవకాయ యేటి కొకమారే వచ్చును. పెద్దలు మనతో నెన్ని వేసవులుందురో యెవ్వరెరుగుదురు? సమయమునకు వచ్చిన యీ మంచిమాటవలన ఆ మొగము మనుమలకు దక్కును. ఊరక "బాగున్న"దని పలికిన యెడల నది నీడలోనే యుండిపోవును. అందువలన నిజమును దాచిన మెప్పును మేము దయ యనజాలము.

కోరిక నడుగుట యేల యని కొంద రందురు. మన యలంకారికులు దోషములలో నిత్యము లనియు, అనిత్యము లనియు రెండు విధములు చెప్పిరి. చెవికి కటువైన శబ్దము శృంగారమున దోషమే కాని, రౌద్రమున నదియే తగియుండును. చిత్రమునందును అంతియే. జూలియా మార్గరెట్ కామెరన్ అను నామె 1815లో కలకత్తాలో జన్మించెను. 1863లో, నలువదియెనిమిదేండ్ల వయస్సున, కూతురును అల్లుడును ఆమెకు కెమెరా నొకదానిని కానుకగ నిచ్చిరి. ఇంగ్లండులోని తన యింటి కోళ్లగూటిని స్టూడియోగ మార్చుకొని, ఆమె బంధువులను, పనివారిని, పండితులను చిత్రించెను. నాటి ఫోటోగ్రఫీ సంఘముల వారు ఆమె చిత్రములలో రూపురేఖలు స్ఫుటముగ లేవనియు, పలకలమీద మరకలును గీతలును ఉన్నవనియు ఆక్షేపించిరి. మసకదన మామె బుద్ధిపూర్వకముగ నుంచుకొన్నది గావున దానిని విడువలేదు. నేడా చిత్రములు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమున భద్రముగ నున్నవి. కావున ఆక్షేపించుటకు ముందు, ఇది కోరి చేసినదా, ఏమరుపాటున వచ్చినదా యని యడుగవలెను. ఫోనుకటకముమీద వంటింటి నూనెవ్రేలి మరకవలన వచ్చిన మసకకు మాత్రము మెత్తని గుడ్డయే మందు.

ఒకేమారు పది తప్పులు చెప్పుటయు తగదు. మా వారు పిల్లల కాపీపుస్తకములు దిద్దునపుడు, పుట యంతయు కొట్టివేయక, ఆనాటికి ఒక్క యక్షరమునకే సున్న చుట్టుదురు. మరునాడా యక్షరము కుదురును. పుట యంతయు ఎఱ్ఱసిరాతో నిండిన పిల్లవాడు పుస్తకము తెరచుటకే భయపడును. పెద్దవారమైన మనకును ఆ స్వభావము పోలేదు.

మన యిండ్లలో ముఖ్యముగ విడువవలసిన యలవాటు వేరొకటి కలదు. చిత్రమును చూడుమన్నచో మనము చిత్రములోని మనిషిని చూతుము. "పిల్ల చామనఛాయ," "బుగ్గలు ఉబ్బినవి," "ఈ వయసున ఆ చీర యేల" యని మొదలిడుదుము. పెండ్లిసంబంధములకై ఫోటోలు త్రిప్పి త్రిప్పి యీ దృష్టి మన కలవడినది. ఇది విమర్శ కాదు. వెలుగును, నీడను, నిలిచిన చోటును తీసిన యామె మార్చగలదు. కూర్చున్న యామె ఛాయను ఎవ్వరు మార్చగలరు? అట్టి మాట విన్న పిల్ల మఱల కెమెరా యెదుటికి రాదు. తీసిన యామెకును నేర్చుకొనుటకేమియు మిగులదు. అంతేకాక, దిద్దుబాటు మాటను పదిమంది చుట్టముల నడుమ చెప్పకుడు. మెప్పు అందరియెదుటను, దిద్దుబాటు ఏకాంతమునను చెప్పుట మేలు. అడుగని వారికి చెప్పకుండుట యింకను మేలు.

ఇక దిద్దుబాటును స్వీకరించువారి ధర్మము చెప్పెదము. ఇది మొదటిదానికంటె కష్టము. ఎదుటివారు మాటలాడుచుండగనే "ఎండ యెక్కువైనది, పిల్లవాడు కదలినాడు, కరెంటు పోయిన"దని కారణములు చెప్పకుడు. చిత్రమునకు నోరు లేదు. మీరు ప్రక్కన లేనపుడు అది యొంటరిగనే నిలువవలెను. అది యేమి చెప్పుచున్నదో యితరుల నోట వినుటకే కదా చూపితిరి! "ఎట్లున్నది?" యని యడిగిన యెడల "బాగున్నది" యనియే వచ్చును. "మొదట మీ చూపు ఎక్కడ నిలిచినది? ఇందులో తీసివేయదగిన దేమైన నున్నదా?" యని యడుగుడు. వినిన మాటను మూడునాళ్లు మనసున నుంచుకొనుడు. ఒక్కరు చెప్పినది వారి యభిరుచి కావచ్చును. ఒకరికొకరు ఎరుగని ముగ్గురు ఒకే చోట వ్రేలుపెట్టినచో అచ్చట నేదియో యుండితీరును. పిదప ఆ వస్తువునే, ఆ సలహాప్రకారము మఱల తీసి, రెండును ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుడు. రెండవది మేలైనచో సలహా నిచ్చిన యామెకు చూపుడు. అంతకు మించిన కృతజ్ఞత లేదు. మొదటిదియే మేలని మీ మనసునకు తోచినచో, దానినే నిలుపుకొనుడు. సలహాను విని త్రోసివేయుట తప్పు కాదు. వినకయే త్రోసివేయుట తప్పు.

కావ్యమును చదువుటకు తగినవానిని మన పెద్దలు సహృదయుడనిరి. ఆ హృదయము అభ్యాసమువలన గాని కుదురదు. నెల కొకనాడు, మధ్యాహ్న భోజనములైన పిమ్మట, ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురు కూడుడు. తలకొక చిత్రమును మాత్రమే తెచ్చుకొనుడు. ప్రతి చిత్రమునకును బాగున్న దొకటి, చూపు నిలిచిన చో టొకటి, మార్చి చూడదగిన దొకటి, ఈ మూడుమాటలే చెప్పుకొనుడు. ఇంటిలోని పెద్దల మొగములు, పిల్లల యాటలు, మన చేతిపనులు రాబోవువారికి మిగులవలెనన్నచో వానిని తీయువారు ధైర్యము కోల్పోకుండవలెను. ఆ ధైర్యమును నిలుపుటయో, త్రుంచుటయో మన నోటిలోనే యున్నది.