ఎక్స్‌రే మిషను ఊర్లెకొచ్చింది.. గీత గీసేది ఎవలు?

మీ ఊర్ల ఈ మధ్య టీబీ క్యాంపు పెట్టిన్రా? పెడితే మీరు సూసే ఉంటరు. భుజానికి తగిలేసుకునే సంచిల పట్టే ఎక్స్‌రే మిషను. సూస్తే పెద్ద కెమెరా లెక్క ఉంటది. కొన్ని రకాలైతే మూడున్నర కిలోల బరువే. పంచాయతీ ఆఫీసు కాడనో, బడి వరండలనో ఒక స్టాండు పెట్టి, మనిషిని దాని ముందర నిలవెట్టి ఛాతి ఫోటో తీస్తరు. జరసేపట్లనే పక్కనున్న ల్యాప్‌టాప్‌ల ఊపిరితిత్తులు కనవడ్తయి. అనుమానం ఉన్న కాడ రంగు పూసి, పక్కన ఒక నంబరు ఏసి కంప్యూటరే చెప్తది, ఈ మనిషికి టీబీ ఉండొచ్చని.

2024 డిసెంబర్ 7న హర్యానాలోని పంచకులల కేంద్ర సర్కారు 100 రోజుల టీబీ కార్యక్రమం షురూ చేసింది. ముందుగాల 347 జిల్లాలు, ఆ తర్వాత దేశమంత. అప్పటి సంది ఈ మిషన్ల ముచ్చట పేపర్లల్ల, రీల్సుల మస్తు నడుస్తున్నది. కానీ మాట్లాడేటోళ్లు రెండే రకాలు. ఏఐ వచ్చింది, ఇగ రోగం ఉండదనేటోళ్లు ఒకరు. ఏఐ వచ్చింది, డాక్టర్ల కొలువులు పోతయనేటోళ్లు ఇంకొకరు. ఈ రెండు మాటల నడుమ ఆ స్టాండు ముందర అంగీ ఇప్పి నిలవడ్డ మనిషి ఎవలకు కనవడ్తలేడు. నేను ఆ మనిషి దిక్కు నుంచి మాట్లాడుత.

మంచి ముందుగాల చెప్పాలె. ఇది పనికొచ్చే మిషనే. మన దేశంల 2019 నుంచి 2021 దాక టీబీ మీద పెద్ద సర్వే చేసిన్రు. ఆ సర్వేల తేలిన ముచ్చట ఏందంటే, దొరికిన రోగులల్ల నూటికి 40 మందికి మించి ఎక్స్‌రే తీసినందుకే దొరికిన్రు. దగ్గు ఉన్నదా, జ్వరమొస్తదా, బరువు తగ్గినవా అని అడిగి ఊకుంటే వాళ్లంత ఇంటికి పోయేటోళ్లే. మన దగ్గర ఇన్నేండ్ల సంది నడిచింది గదే. ఆశక్క వచ్చి రెండు వారాల సంది దగ్గు ఉన్నదా అంటది. బీడీలు తాగేటాయనకు దగ్గు ఎప్పటికీ ఉండేదే, ఆయన లేదంటడు. ఆడామెకు దవాఖానకు తోలుకపోయే మనిషి లేడు, ఆమె సుత లేదంటది. ఎక్స్‌రే ఎవల నోటి మాట మీద ఆధారపడది. గందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ గూడ 2021ల ఎక్స్‌రేలను కంప్యూటర్‌తోని సదివించొచ్చని ఒప్పుకున్నది. అయితే అది 15 ఏండ్లు, ఆపై వయసోళ్లకే. చిన్న పిల్లగాండ్ల ఎక్స్‌రేను కంప్యూటర్ తీర్పుకు ఒదిలెయ్యమని ఆ మాటకు అర్థం గాదు. ఇది యాది పెట్టుకోండ్రి, క్యాంపులల్ల బడి పిల్లలను గూడ లైన్ల నిలవెడ్తుంటరు.

ఇగ అసలు ముచ్చటకొస్త.

కంప్యూటర్ "టీబీ ఉంది", "లేదు" అని చెప్పది. ఒక నంబరు ఇస్తది. సున్న నుంచి నూరు దాక అనుకోండ్రి. ఒకాయనకు 20 వచ్చింది, ఒకామెకు 55, ఇంకొకాయనకు 90. 90 వచ్చినాయనను తెమడ పరీక్షకు పంపాలె, దాంట్ల డౌటు లేదు. మరి 55 వచ్చినామెను? ఆమెను పంపాల్నా, ఇంటికి పొమ్మనాల్నా? గీడ ఒక గీత గియ్యాలె. గీత మీదున్నోళ్లు పరీక్షకు, కిందున్నోళ్లు ఇంటికి. ఈ గీత ఎక్కడుండాల్నన్నది సాఫ్ట్‌వేర్ దానంతట అది తేల్చే సంగతి గాదు. ఒక్కో తావు జనాన్ని బట్టి, రోగాన్ని బట్టి, చేతిలున్న పరీక్షలను బట్టి గీత మార్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థనే చెప్తున్నది. అంటే గీత గీసేది మనిషి. ఇంకా సాఫ్‌గ చెప్పాల్నంటే గీత గీసేది బడ్జెట్.

లెక్క చేసి సూద్దాం. పెన్ను కాయిదం తీసుకోండ్రి. ఒక పెద్దూర్ల 1000 మందికి ఎక్స్‌రే తీసిన్రు. లెక్క కోసం వాళ్లల్ల 10 మందికి టీబీ ఉన్నదనుకుందాం. ఇసొంటి జల్లెడ పరీక్ష అసలైన రోగులల్ల నూటికి కనీసం 90 మందిని పట్టాలె, రోగం లేనోళ్లల్ల నూటికి కనీసం 70 మందిని మంచిగున్నరని ఇడిచిపెట్టాలె. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న కొలత. ఆ కొలతకు సరిగ్గ తూగే మిషను మన 10 మందిల 9 మందిని పడ్తది, ఒకరు తప్పిపోతరు. రోగం లేని 990 మందిల 297 మందిని గూడ అనుమానం అంటది. మొత్తం 306 మంది. ఈ 306 మంది తెమడ తీసి ట్రూనాట్ మీదనో, సీబీనాట్ మీదనో పరీక్ష చేస్తేనే ఆ 9 మంది బయటపడ్తరు.

మరి మండలంల 306 పరీక్షలకు సరిపోయే చిప్పులు లేవు, 100కే ఉన్నయనుకోండ్రి. ఏం చేస్తరు? చిప్పులు తెప్పించాలె. లేకపోతే గీతను మీదికి జరపాలె. గీత జరిపితే 306 మంది 100 అయితరు. కాయిదం మీద క్యాంపు మస్తు సక్సెస్. కానీ ఆ జరిపిన గీత కింద అసలైన రోగులు ఇంకో ఇద్దరో ముగ్గురో పోతరు. వాళ్ల చేతిల "నార్మల్" అని చీటి ఉంటది. వాళ్లు ఇంటికి పోయి పిల్లల పక్కల పంటరు. రేపు ఎవలన్న అడిగితే ఏఐ తప్పు చేసిందంటరు. ఏఐ తప్పు చెయ్యలే, గీత జరిపినోళ్లు దాని ఎనుక దాక్కున్నరు.

నేను మా దిక్కు ఒక క్యాంపుల నిలవడి అడిగిన, తమ్మీ, ఎంత నంబరు దాటితే తెమడ పరీక్షకు రాస్తున్నరని. మిషను కాడున్న పిల్లగాడు "కంపెనీవోళ్లే సెట్ చేసి ఇచ్చిన్రన్నా, మాకు తెల్వది" అన్నడు. ఆ పిల్లగాన్ని ఏమనాలె? పొద్దుగాల ఎనిమిదింటికొచ్చిండు, మూడైనా బువ్వ తినలే. డాక్టరమ్మను అడిగితే పైనుంచి వచ్చిన లెక్కనే అన్నది. పైనంటే ఏడనో ఆమెకు గూడ ఎరుక లేదు. ఊరి ఊపిరితిత్తుల మీద గీసిన గీత ఊర్ల ఉన్న ఒక్కరికి గూడ తెల్వదన్నట్టు.

ఇంకో సంగతి ఉన్నది, దీన్ని మా పనిమంతులు బాగ అర్థం చేసుకోవాలె. కంకర క్రషర్లల్ల, గ్రానైట్ క్వారీలల్ల, పలుగురాళ్లు పొడి కొట్టే మిల్లులల్ల చేసేటోళ్ల ఊపిరితిత్తులల్ల రాయి దుమ్ము పేరుకపోతది. దాన్ని సిలికోసిస్ అంటరు. ఎక్స్‌రేల అది సుత నీడలెక్కనే కనవడ్తది, టీబీ లెక్కనే కనవడ్తది. సిలికోసిస్ ఉన్నోళ్లకు టీబీ వచ్చే అవకాశం గూడ ఎక్కువ. ఇప్పుడు క్యాంపుల ఏమయితది? టీబీ కోసం పెట్టిన సాఫ్ట్‌వేర్ 80 నంబరు ఇచ్చి అనుమానం అంటది. తెమడ పరీక్షల టీబీ లేదని వస్తది. "నీకేం లేదే, పో" అంటరు. టీబీ లేకపోవుడు ఏరు, ఏం లేకపోవుడు ఏరు. ఆ నీడ ఏందో సదివి చెప్పే మనిషి ఆ క్యాంపుల లేడు. చట్టం ప్రకారం సిలికోసిస్ సర్కారుకు తెలియజెయ్యాల్సిన రోగం. డాక్టర్ ఆ మాట కాయిదం మీద రాసి సంతకం పెడితే మిల్లు ఓనరు మీద లెక్క మొదలైతది. నష్టపరిహారం అడగొచ్చు, దుమ్ము ఎందుకు ఆపలేదని నిలదీయొచ్చు. నీడకు టీబీ అని పేరు పెట్టినంత సేపు, అసలు పేరే పెట్టనంత సేపు, ఓనరు సల్లగ ఉంటడు. గందుకే రిపోర్టు కింద సంతకం ఎవలదని నేను పట్టుపట్టి అడుగుతున్న.

డాక్టర్లే లేరు కదా, ఏం చెయ్యమంటవని అడుగుతరు. నిజమే. ఎక్స్‌రే, స్కానింగులు సదివే రేడియాలజిస్టులు మన దేశంల లక్ష మందికి ఒక్కరున్నట్టు లెక్క చెప్తుంటరు. ఆ ఉన్నోళ్లు గూడ పట్నాలల్లనే. లేనప్పుడు దూరం నుంచి సదివించే పద్ధతి ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌ల 2016 సంది సీహెచ్‌సీలల్ల తీసిన ఎక్స్‌రేలను నెట్ల పంపి, దూరమున్న రేడియాలజిస్టుతోని రిపోర్టు తెప్పిస్తున్నరు. దాంట్ల లోపాలు లేవని నేను అంటలేను. కానీ అట్ల వచ్చిన రిపోర్టు ఎనుక ఒక డాక్టర్ ఉంటడు. తప్పయితే అడగనీకి ఒక మనిషి ఉంటడు.

బయటి దేశాల సంగతి సూడుండ్రి. 2016ల జెఫ్రీ హింటన్ అనే పెద్ద కంప్యూటర్ సైంటిస్టు ఇగ రేడియాలజిస్టులను తయారు చేసుడు బందు పెట్టాలె, ఐదేండ్లల్ల మిషనే వాళ్లకంటే బాగ సదువుతదని టొరంటోల చెప్పిండు. ఆయన చిన్న మనిషేం గాదు, 2024ల ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఐదేండ్లు గాదు, తొమ్మిదేండ్లు దాటినయి. అమెరికాల, బ్రిటన్‌ల రేడియాలజిస్టులు సరిపోతలేరనే లొల్లి ఇంకా నడుస్తనే ఉన్నది. ఎందుకంటే ఫోటోల నీడ కనుక్కునుడు ఆ కొలువుల ఒక ముక్కనే. పాత ఫోటో పక్కన పెట్టి సూసుడు, రోగి కథ ఇనుడు, ఇంకో పరీక్ష కావాల్నా అక్కర్లేదా అని తేల్చుడు మనిషి పని.

స్వీడన్‌ల రొమ్ము క్యాన్సర్ పరీక్షల మీద ఒక పెద్ద ప్రయోగం చేసిన్రు. లక్షకు పైన ఆడవాళ్లు. ఆడ మామూలుగ ఒక్కో ఫోటోను ఇద్దరు డాక్టర్లు సదువుతరు. ఏఐని తోడు పెడితే సదివే పని 44 శాతం తగ్గింది, క్యాన్సర్లు 29 శాతం ఎక్కువ దొరికినయి. మన కాడ ఏఐ అమ్మేటోళ్లు ఈ లెక్క తరీఖ తప్పకుండ చెప్తరు. చెప్పనిది ఏందంటే, ఆడ ఏఐ వచ్చినంక గూడ ప్రతి ఫోటోను డాక్టర్ సూసిన్రు. అనుమానం ఎక్కువున్న కాడ ఇద్దరు, తక్కువున్న కాడ ఒకరు. వాళ్లు ఇద్దరి నుంచి ఒకరికి వచ్చిన్రు. మనం సున్న నుంచి సున్నకే పోతున్నం, నడుమ ఒక ల్యాప్‌టాప్ పెట్టుకొని.

డీఎంఐటీ సదివిన తమ్ముండ్లు, చెల్లెండ్లు మీలో మస్తుమంది ఉంటరు. ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సు అది. మిషను అలకగైంది, రాష్ట్రమంత తిరుగుతది అంటే మీకు కొలువులు పెరగాలె గదా. ఎట్ల పెరుగుతున్నయో మీకే ఎరుక. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్, క్యాంపు ఉన్ననాడే కూలి. ఇంకోటి. రేడియేషన్ కాడ పని చేసేటోళ్ల ఒంటి మీద డోసు కొలిచే బ్యాడ్జి ఉండాలె. అది అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన నియమం. ఒక్క ఛాతి ఎక్స్‌రే తీయించుకున్నోళ్లకు పడేది శానా తక్కువ, దానికి భయపడి ఎవలు క్యాంపు ఎగ్గొట్టొద్దు. కానీ రోజుకు రెండు వందల ఫోటోలు తీసే పిల్లగాని సంగతి అట్ల గాదు. మెడల బ్యాడ్జి లేకుంట మిషను పట్టుకోమంటే పట్టుకోకుండ్రి.

ఫోటో తర్వాత కథ గూడ సూడాలె. 2025 కల్లా దేశంల టీబీని లేకుంట చేస్తమని ప్రధాని 2018ల మాటిచ్చిండు. అప్పటికి కొత్త కేసులు 80 శాతం తగ్గాల్నని పెట్టుకున్నరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల 2015 నుంచి 2024కు తగ్గింది 21 శాతం. తగ్గుడు మంచిదే, చిన్న పనేం గాదు. కానీ 2024 మార్చిల టీబీ మందుల కొరత వచ్చి, మూడు నెలలకు సరిపడ మీరే కొనుక్కోండ్రని కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. దొరకవట్టే మిషను కొని మందు గోళీలు లేకుంట చేసుడు ఏం పద్ధతి? టీబీ ఉన్నోళ్లకు తిండి కోసం ఇచ్చే పైసలు 2024 నవంబర్ సంది నెలకు 500 నుంచి 1000 రూపాయలు చేసిన్రు. మీ ఊర్ల మందులు మింగుతున్నోళ్ల బ్యాంకు ఖాతాల అవి టైముకు పడ్తున్నయా? కనుక్కోనీకి ఏఐ అక్కర్లేదు, ఇంటికి పోయి అడిగితే సాలు.

క్యాంపు మళ్ల వస్తది. వచ్చిననాడు తప్పకుండ పొండ్రి, మీ ఇంట్ల ముసలోళ్లను, శుగర్ ఉన్నోళ్లను, క్వారీకి పోయేటోళ్లను తోలుకపొండ్రి. పోయినంక ఊకోకుండ్రి. ఎంత నంబరు వచ్చిందో అడిగి కాయిదం మీద రాయించుకోండ్రి. ఫోటో కాపీ ఫోన్లకు తీసుకోండ్రి. అది మీ ఒంటి ఫోటో, రేపు పెద్ద దవాఖానకు పోతే పాతది పక్కన పెట్టి సూడనీకి అక్కరకొస్తది. నంబరు తక్కువొచ్చినా దగ్గు తగ్గకపోతే తెమడ పరీక్ష కావాల్నని అడగండ్రి. క్వారీల పని చేస్తనని నోరిడిచి చెప్పండ్రి, చీటి మీద రాయమనుండ్రి.

గీత సంగతి మాత్రం క్యాంపుల తేలది. దానికి సమాచార హక్కు దరఖాస్తు ఎయ్యాలె, జిల్లా టీబీ ఆఫీసుకు. మా జిల్లాల ఏ నంబరు దాటితే అనుమానం కింద లెక్క కడ్తున్నరు, అది ఎవలు నిర్ణయించిన్రు, ఎప్పుడెప్పుడు మార్చిన్రు? ఎంతమందికి ఎక్స్‌రే తీసిన్రు, వాళ్లల్ల ఎంతమందికి తెమడ పరీక్ష అయ్యింది, ఎన్ని దినాలకు అయ్యింది? అనుమానం ఉండి టీబీ లేదని తేలినోళ్ల ఎక్స్‌రేలను ఏ డాక్టర్ సదివిండు? ఫోటోలు ఏ కంపెనీ కాడ ఉంటున్నయి, వాటిని ఇంకా దేనికి వాడుకుంటున్నరు? గీ నాలుగు ముచ్చట్లు తెల్లకాయిదం మీద రాసి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇస్తే సాలు. పేదోళ్లకు తెల్లకార్డు జిరాక్సు పెడితే ఆ 10 రూపాయలు గూడ అక్కర్లేదు. 30 దినాలల్ల జవాబియ్యాలె. వచ్చిన జవాబును పేరు, ఊరు తీసేసి నాకు పంపుండ్రి, ఏ జిల్లాల గీత ఏడున్నదో అన్నీ పక్కపక్కన పెట్టి ఇదే పేజీల రాస్త.