వెర్రి వేయి విధములు, పేరొక్కటే

గత గురువారమునాడు బంధుసమానుడైన ఒక మిత్రుని యింట గృహప్రవేశమునకు పోయి, పులిహోరతో మొదలై పెరుగావడతో ముగిసిన విందును యథాశక్తి గౌరవించి, పెరటి అరటిచెట్ల నీడను వేసిన ప్లాస్టిక్కు కుర్చీలలో ఒకదానియందు చేరగిలబడితిని. ఎదుటి వసారాలో, గోడవైపు ముఖము త్రిప్పుకొని, ఇరువదిమూడేండ్ల యువకుడొకడు కూర్చుండియుండెను. పెదవులు కదలుచున్నవి గాని మాట వినబడదు. నడుమ నడుమ ఎవరో పిలిచినట్లు తల త్రిప్పి, ఎవరును లేని మూలకు చెవి యొగ్గుచుండెను. ఇంజనీరింగు మూడవ సంవత్సరమున చదువాగిపోయిన పిల్లవాడని ముందే వినియుంటిని. ఆతని మేనమామ నా ప్రక్క కుర్చీలోనికి వచ్చి, వక్కపలుకు నోట వేసికొని, నేనడుగకయే సంగతి చెప్పెను.

“ఆ మాత్రలు మాన్పించేశాం మాస్టారూ. పొద్దస్తమానం నిద్ర, ఒళ్ళు రావడం తప్ప వాటివల్ల ఒరిగిందేమీ లేదు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదని పెద్దలు ఊరికే అన్నారా? శ్రావణంలో సంబంధాలు చూద్దామనుకుంటున్నాం.”

ఒకదానికొకటి అడ్డుపడి రెండును తెమలని చిక్కును గూర్చి మనవారు హాస్యమునకు చెప్పుకొనిన సామెత అది. అందులో వైద్యము లేదు. పూర్వార్ధమును మ్రింగివేసి ఉత్తరార్ధమును మందుచీటీగా వాడుకొనిన మేధావిని నేను చూచుట అదియే ప్రథమము. ఈ వారము వ్రాయదలచినది వేరొకటి, అది మూలబడినది.

సామెతలయెడ నాకు గల భక్తి ఈ శీర్షిక చదువువారికి క్రొత్త సంగతి కాదు. వెర్రి వేయి విధములన్నవారు మన పూర్వులే. చరకుడు ఉన్మాదమును వాత, పిత్త, కఫ, సన్నిపాత, ఆగంతుకములని ఐదుగా విభజించి, దేని లక్షణములు దానికి, దేని చికిత్స దానికి వేరువేరుగా చెప్పెను. ఆ విభాగము నేటి పరీక్షకు నిలుచునా నిలువదా యన్నది వేరు మాట. విభజింపవలెనన్న బుద్ధి ఆతనికి పుట్టినది. మనమో, అన్నిటిని ‘పిచ్చి’ యను రెండక్షరముల సంచిలో కుక్కి మూతి బిగించితిమి. నిద్రపట్టక రాత్రులు ఏడ్చునామెది పిచ్చి, కడిగిన చేతులే కడుగునతనిది పిచ్చి, క్రికెట్టుది పిచ్చి, డబ్బుది పిచ్చి, పెరట్లో మొలచినవి పిచ్చిమొక్కలు, బిడ్డను ముద్దుచేయునపుడు ‘పిచ్చితల్లీ’. ఇన్ని చాకిరీలు చేయు మాట అసలు పనికి కొరగాదు. ఇంగ్లీషు చదివిన వారు ఇంతకంటె నాగరికులు కాబోలునని చూతుము గదా, వారికిని ‘సైకో’ యను మాట యొక్కటే తెలియును.

ఆనాటి పంక్తిలోనే నలుగురు లడ్డూ వద్దనుచు “షుగరండీ” యని కొంత దర్పముతోనే చెప్పిరి. ఒకాయన తన బి.పి. అంకెలు పైదియు క్రిందిదియు పప్పు వడ్డించు పిల్లవానికి సైతము వినిపించెను. మనస్సునకు మాత్ర వేసికొనుచున్నానని చెప్పినవారు ఒక్కరును లేరు. బెంగళూరు నిమ్హాన్స్ వారు 2015–16లో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వే లెక్కలో, వయోజనులలో నూటికి 10.6 మందికి ఆ సమయమున ఏదో యొక మానసిక రుగ్మత కలదు. రుగ్మతను బట్టి నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్స లేక పడియున్నవారే. ఇంతకును ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రములలో తమిళనాడు కలదు, ఛత్తీస్‌గఢ్ కలదు, దూరమున మణిపుర్ కలదు. ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. పొరుగిండ్లలో జ్వరము కొలిచి మన యింటి వేడి ఊహించుకొనవలసిన వారమైతిమి. దీనిపై శాసనసభలో కుర్చీలు విరిగినట్లు నేను వినలేదు.

ఆ యువకుని మందుచీటీని తరువాత చూచితిని. ఆ సంగతి చివర చెప్పెదను. అందున్న పేరు స్కిజోఫ్రీనియా. ఇది తరచుగా పదునెనిమిదికిని ముప్పదికిని నడుమ, అనగా చదువు ముగిసి కొలువు దొరకవలసిన వేళ, తలయెత్తును. ఎవరును లేనిచోట మాటలు వినబడుట దీని లక్షణములలో ముఖ్యమైనది. ఆ కంఠములు తిట్టును, ఆజ్ఞాపించును, రెండుమూడు కూడి తన్నుగూర్చి తానక్కడ లేనట్లే ముచ్చటించుకొనును. వినువానికి అవి ఊహలు గావు, మనము కోడికూతను విన్నంత స్పష్టముగా ఆతడు వానిని వినును. ఎవరెన్ని చెప్పినను సడలని అసత్యవిశ్వాసము మరియొకటి: ఎదురింటివారు నీళ్ళ ట్యాంకులో విషము కలిపిరనియు, టీవీలో వార్తలు చదువునామె తనకే సంజ్ఞ చేయుచున్నదనియు, తన తలలోని తలపులు వీథిలో పోవువారికి వినవచ్చుచున్నవనియు. ఇవి పదిమంది కంటబడును గనుక ఇంటివారు భూతవైద్యునో అసలు వైద్యునో వెదకుదురు. కంటబడనివి వేరే కలవు. స్నానము మానుట, స్నేహితుడు ఫోను చేసిన ఎత్తకుండుట, నవ్వును ఏడుపును రెండును ముఖమునుండి జారిపోవుట, ప్రొద్దుగూకువరకు ఒకేచోట కూర్చుండుట. వీనినెవ్వరును రోగమనరు. తండ్రి సోమరిపోతని తిట్టును, తల్లి దిష్టి తీయును, మేనమామ పెండ్లి చేయుమనును.

ఆ పేరు పెట్టినవాడు స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయిలర్, 1908లో. గ్రీకున దానికి చీలిన మనస్సని అర్థము. తలపునకు, భావమునకు, చేతకు నడుమ నుండవలసిన పొందిక చెడినదని ఆయన ఉద్దేశము. మనవారు ఆ చీలికను పట్టుకొని ఒక మనిషిలో ఇద్దరు మనుషులను కల్పించిరి. 2005లో, ఒక్క సంవత్సరమునందే, ‘చంద్రముఖి’యు ‘అపరిచితుడు’ను వచ్చి ఆ అపోహకు కోటగట్టినవి. ఒక దేహమున పలువురు వ్యక్తులు మెలగుట వేరొక రుగ్మత, మిక్కిలి అరుదు, అదియు తెరమీద చూపినట్లుండదు. అయినను రోజుకొక మాట మార్చు రాజకీయ నాయకునకు స్కిజోఫ్రీనియాను అంటగట్టు వ్యాసములను నేటికిని చదువుచున్నాను. పాపము, ఆ రోగి ఏ ఎన్నికలోను నిలువలేదు. జపానువారికి ఇట్టి పేరే ఉండెడిది. మనస్సు చీలిన వ్యాధి యను ఆ పాతపేరును రోగికి చెప్పుటకు వైద్యులకే నోరాడక దాచుచుండగా, 2002లో దానిని తీసివేసి, పొందిక తప్పిన వ్యాధి యను అర్థము వచ్చు పేరు పెట్టుకొనిరి. మనలో కొందరు మనోవైకల్యమని వ్రాయుచున్నారు. వైకల్యమన్న మాట వినగానే తీరని లోపమని గదా తోచును? మాత్రతో కుదుటపడి, కొలువు చేసికొని, నెలకొకసారి వైద్యుని చూచి వచ్చువానిని వికలుడనుట ఏమి న్యాయము? పారిభాషిక పదములు కూర్చు పండితులు, కూర్చుటకు ముందు, రోగి తల్లి నొకతెను పిలిచి ఆమెయెదుట ఆ పదమును పలికి చూచిన బాగుండును.

దిగులునకు మాత్రము మన భాషలో మాటలకు కరవు లేదు: బెంగ, గుబులు, చింత, వ్యథ. చిత్రమేమనగా రోగి వైద్యునియొద్ద వీనిలో ఒక్కటియు వాడడు. “నీరసమండీ”, “ఒళ్ళంతా లాగేస్తోందండీ”, “తల దిమ్ముగా ఉంటోందండీ” అనును. ఊరి ఆర్.ఎం.పి. సెలైను ఎక్కించి, బలమునకని సూది పొడిచి పంపును. రెండు దినములు తేలికపడి మూడవనాడు మొదటికి వచ్చును. వానకారు సాయంకాలమున కలుగు దిగులును, బిడ్డ అమెరికా పోయిననాడు కలుగు బెంగయు మనుష్యలక్షణములు, వానికి మందక్కరలేదు. రెండు వారములు దాటినను, ప్రతిదినము, దినములో అధికభాగము మనస్సు క్రుంగియుండి, నిన్నటివరకు ప్రీతియైన దానిపై ప్రీతి చచ్చి, వేకువ మూడింటికే మెలకువ వచ్చి, ఆకలి పోయి, తానందరికి భారమైతినని తోచి, చచ్చిన బాగుండునన్న తలపు వచ్చిపోవుచుండిన, అది డిప్రెషను. “మనసు గట్టి చేసుకో” యని సలహా చెప్పువారు, గట్టి చేసికొనవలసిన ఆ మనస్సే మంచము పట్టినదని ఎరుగరు. అట్టి తలపుతో ప్రాణము తీసికొనబోయినవానిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నవానిగా భావింపవలెనే గాని విచారించి శిక్షింపరాదని 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షనున చెప్పినది. 14416 అను నంబరునకు ఫోను చేసిన టెలిమానస్ సహాయకేంద్రము వారు రేయింబవళ్ళు, తెలుగులోనే, పలుకుదురు. సినిమాతారల పుట్టినరోజులు కంఠస్థమైన మనకు ఈ ఐదంకెలు బరువు గావు.

క్రుంగుబాటునకు ఎదురుమొగమైనది బైపోలార్ రోగమునందలి పొంగు. ఆ రోగి మూడుగంటల నిద్రతో వారము పది దినములు అలసట యెరుగక, ఎదుటివానికి మాట సందీయక, ఎకరము తనఖా పెట్టి కార్లకు బయానాలిచ్చివచ్చును. తొలుత ఇంటివారు ‘వీనికి చురుకు వచ్చిన’దని మురియుదురు, అప్పులవారు గుమ్మమెక్కిననాడు వెర్రి యందురు, ఆలోపల ఆతడు మరల క్రుంగుటయు మొదలగును. ఆందోళన జాతికి చెందిన ‘పానిక్’ రోగి గుండె దడదడలాడి, ఊపిరాడక, చెమటలు గ్రమ్మి, ఇదే చివరి ఘడియ యని ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తును, ఇ.సి.జి. చక్కగా నుండును, “మీకేం లేదు” అని పంపివేయుదురు. ఏమియు లేకుండుట కాదది.

చేతులు కడుగు రుగ్మతను గూర్చి వ్రాయునపుడు మాత్రము నా కలము కొంచెము ఆగును. మా పెద్దమ్మ బావిగట్టున ఏడుసార్లు చేతులు కడిగి, లెక్క తప్పినదని మరల ఏడుసార్లు కడిగెడిది. వ్రేళ్ళసందులు పగిలి రక్తము చిమ్మెడిది. మడి గల ఇల్లాలని వీథిలోనివారు మెచ్చుకొనిరి. చాదస్తమని మేము నవ్వితిమి. మడి కట్టుకొన్న మా అమ్మకు దానిలో తృప్తి యుండెను. పెద్దమ్మకు తృప్తి లేదు. కడుగుచునే యేడ్చెడిది, “ఇది తప్పని నాకు తెలుసురా, ఆగలేను” అనెడిది. ఆ వాక్యమే రోగలక్షణమని నాకు తెలియుటకు నలువదియేండ్లు పట్టినది.

మనోవ్యాధికి మందులేదన్న సామెతను మేనమామ ఆనాడు రెండవ అస్త్రముగా నామీద ప్రయోగించెను. అది మందు లేనినాటి మాట. సర్పగంధి వేరు తీవ్రోన్మాదమును శమింపజేయుచున్నదని 1931లోనే కలకత్తాలో గణనాథసేన్, కార్తికచంద్రబోస్ అను వైద్యులు ప్రకటించిరి. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ పొంగు రోగులకు లిథియము నిచ్చి చూచిన ఫలితములను ప్రకటించెను. 1952లో పారిస్ వైద్యులు క్లోర్‌ప్రోమజీనుతో, ఏండ్ల తరబడి తలుపుల వెనుక నుంచిన వారిని నెమ్మదిపరచగలిగిరి. మాత్రలవలన నిద్రమబ్బు, ఒళ్ళు వచ్చుట, చేతివణకు కలుగవచ్చునన్నది నిజమే. మేనమామ ఫిర్యాదులో అబద్ధము లేదు. అందులకు వైద్యునడిగి మోతాదో మందో మార్పించుకొనవలెను. తమంత తాము ఆపివేసిన అనేకులలో కొద్ది నెలలకే రోగము తిరుగబెట్టును.

ఇక పెండ్లి. జాతకములో కుజుడెక్కడనున్నాడో కనుగొనుటకు ముగ్గురు సిద్ధాంతులను దర్శింతురు. వీసా యేదో, పొలమెంతో, ఫ్లాటు తూర్పుముఖమో కాదో ఆరా తీయుదురు. మాత్రల డబ్బా మాత్రము బీరువాలో చీరల వెనుకకు పోవును. వచ్చిన పిల్ల మూడవనాడు దానిని చూచును. 1955 నాటి హిందూ వివాహచట్టము, మనస్సు స్థిమితము లేక సరియైన సమ్మతి నీయజాలనివారి పెండ్లి చెల్లునా యన్న ప్రశ్న నెత్తుచున్నది. అదే నియమమున పెండ్లికి అడ్డుగా నుండిన మూర్ఛరోగమును 1999లో తొలగించిరి. చట్టము కొంత నేర్చుకొనినది, చుట్టము నేర్చుకొనలేదు. రోగము గలవారు పెండ్లాడరాదని నేననను, చెప్పి యాడవలెననుచున్నాను. ఆ పెండ్లియైన మనము చేయు తీరు చూడుడు: పెండ్లికి ముందు చెరువుగట్టున ఫొటోలట, తలమీద డ్రోను గిరగిర తిరుగునట, సంగీతమట, మెహందీయట, ముప్పది రకముల పదార్థములలో ఇరువది యెంగిలాకులపాలట. ఒక్క రాత్రి మండపపు అద్దెతో పిల్లవానికి ఎన్ని యేండ్ల మాత్రలు వచ్చునో లెక్క వేయుమని మేనమామను అడిగితిని. ఆయన కిళ్ళీ కొరకు లేచిపోయెను.

నేను సెలవు తీసికొనుచుండగా ఆ పిల్లవాని తల్లి గుమ్మము వెనుకకు పిలిచి, ప్లాస్టిక్కు సంచిలోనుండి నాలుగు మడతల చీటీ తీసి, “అన్నయ్యగారూ, ఇక్కడేం రాశారో చదివి పెడతారా?” అనెను. చదివితిని. “అంటే తెలుగులో ఏమిటండీ?” అనెను. పైన నేనింత వ్రాసితిని గాని, ఆమెకిచ్చుటకు నాయొద్ద ఒక్క మాట లేకపోయెను. చీటీ అంచున ఆ పేరునే తెలుగక్షరములలో వ్రాసి, వసారాలోని పిల్లవానికి ఆ కంఠములు నిజముగనే వినబడుచున్నవనియు, అది పొగరు కాదనియు చెప్పితిని. ఆమె వ్రేలితో అక్షరములు కూడబలుకుకొని, “మాత్రలు మానేసి పదకొండు రోజులైంది. మళ్ళీ వెయ్యమంటారా?” అనెను. ఆ మాట చెప్పవలసినవాడు వైద్యుడనియు, సోమవారముదాక ఆగక రేపే పొమ్మనియు అంటిని. ఆమె అన్నగారి దగ్గు పెరటివైపున వినబడెను. చీటీని మడిచి, తాంబూలపు సంచిలో జాకెట్టుగుడ్డ క్రింద, కొబ్బరికాయకు అడుగున దాచుకొని లోనికి పోయెను.