జనుమునార – మన కర్తవ్యము

జనపనార యనగానే నేడు మన కర్షకులకు వంగదేశపు గోనెసంచి స్ఫురించును. కాని యా మాట మన జనుమునుండి పుట్టినది. పేరు మనయొద్ద మిగిలినది. నార మాత్రము మన చేతులనుండి జారిపోయినది.

మంగినపూడి, గుడివాడ ప్రాంతములందును, దివిసీమయందును వరికోతకు కొద్దిదినములు ముందుగా చేలో జనుమువిత్తు చల్లుట తాతలనాటి వాడుక. ఆ పైరు పశువులకు మేతయు, భూమికి సారమును ఇచ్చుచున్నది. మూడవ ప్రయోజనమైన నారను మనము మఱచితిమి. నైలాను రాకముందు పలుపులును, మోకులును, వలలును ఇట్టి నారతోనే సిద్ధమగుచుండెడివి. నేడు పలుపుత్రాడు సైతము అంగడిలో కొనుచున్నాము. ధాన్యము రాశి పోసిన దినమున గోనెలకై ఎదురుచూచుచున్నాము.

ఈ విషయమున కొండసీమల యనుభవము గమనింపదగినది. కుమావూను, గఢ్వాలు కొండలలోని పల్లెవారు భంగుమొక్క కాడలనుండి నార యొలిచి త్రాళ్లును, సంచులును, ముతకబట్టయు నేసికొనెడివారు. గింజను వంటలో వాడుదురు. అది గంజాయి జాతిది గావున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము దానిని కట్టుదిట్టము చేసినది. అయినను నారకొఱకును, గింజకొఱకును ప్రభుత్వము అనుమతి నీయవచ్చునని ఆ చట్టమే చెప్పుచున్నది. దానినిబట్టి 2018లో ఉత్తరాఖండ ప్రభుత్వము, మత్తుపదార్థము నూటికి 0.3 మించని రకములకు లైసెన్సు నొసగ నారంభించినది. అచ్చటివారు ఒక్కొక్క మడికి అనుమతి వేడవలసియున్నది.

మనకా చిక్కు లేదు. జనుము గంజాయికి చుట్టము కాదు. అది పప్పుజాతి మొక్క. మత్తు లేదు, లైసెన్సు లేదు. దాని నార త్రాళ్లకే గాక సిగరెట్టు కాగితము వంటి సన్నని, గట్టి కాగితములకును పనికివచ్చును. ఇంతటి వస్తువును మనము వదలుకొనుట మా దృష్టిలో నష్టమే.

కూలి హెచ్చు, ఊరవేయుట రోతపని, మేతకు కోసిన చాలునని కొందఱందురు. అందు నిజము లేకపోలేదు. కాని కాయ పట్టు సమయమున కోసినచో లేత కొనలు పశువులకు పోయి, కాడ నారకు మిగులును. రాలిన యాకు నేలకే చేరును. నార తీయువాడు మేతను పూర్తిగా వదలుకొనవలసిన పనిలేదు. అసలు చిక్కు కొనువాడు లేకపోవుట. భీమునిపట్నము పేరిట బిమ్లీ జూటని లోకమెల్ల నెఱిగిన గోగునార మన యుత్తరాంధ్రదే. ఆ చెంతనున్న చిట్టివలస మిల్లు 2009లో మూతబడినది. మిల్లు పోయిన పిదప రైతు ఒంటరిగా నార పట్టుకొని ఏమి చేయగలడు?

కావున ఈ పని సంఘము పూనుకొనవలసినది గాని, ఒక్కొక్క రైతు చేయదగినది కాదు. ముందు కొనువానితో ఒడంబడిక, పిమ్మట విత్తనము. ఊరికొక ఊబగుంట నేర్పఱుపవలెను. ఊరవేసిన నీరు త్రాగునీటి చెఱువులోనికిగాని, చేపల చెఱువులోనికిగాని పోరాదు. ఏలయన కాడ క్రుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు హరించును. నార మితిమీరి నానిన బలము తగ్గును. మంచినీట కడిగిన తెల్లనినారకు వెల హెచ్చు. కనుక తరగతులు విడదీయుట, తూచుట సంఘమే చేయవలెను. సముద్రపుటంచున చౌడుపాఱిన చేలలో జనుము నిలువదు. అచ్చట జీలుగయే తగును.

మేము ఊరూర నూఱేసి ఎకరములు వేయుడని చెప్పుట లేదు. వచ్చు పంటకాలమున కొలదిచేలలో పరీక్షించి, కూలి, రవాణాఖర్చు, అమ్మకపువెల లెక్కలు వ్రాసి సర్వసభ్య సమావేశమున నుంచుడు. లెక్క గిట్టుబాటైన విస్తరింతము. కానిచో మేత యెటులను మిగిలియే యుండును. పరీక్షింపకయే వదలివేయుట మాత్రము సహకారధర్మము కాదు.