కుటుంబ ఆరోగ్యం: అన్నం మానేసిన బిడ్డకు ఫోనులో వైద్యమా?



సెల్‌ఫోను పిల్లలను పాడుచేస్తోందని మనమంతా అనుకుంటూనే ఉన్నాం. నాజూకైన బొమ్మలను గంటల తరబడి చూసి, ఆ తరువాత అద్దంలో తమను చూసుకొని కుమిలిపోయే పిల్లలు ఈ రోజుల్లో తక్కువేమీ కాదు. అటువంటి ఫోను ద్వారానే తిండికి సంబంధించిన మానసిక జబ్బులకు వైద్యం అందించవచ్చునా అని డాక్టర్లు కొన్నేళ్లుగా పరిశోధిస్తున్నారంటే తల్లిదండ్రులకు ఆశ్చర్యంగానే ఉంటుంది. ఇందులో నిజమెంత, మన ఇళ్లకు పనికివచ్చేది ఎంత అన్నది ఈ నెల మీతో పంచుకుంటున్నాం.

ముందుగా జబ్బు గురించి రెండు మాటలు. డాక్టర్లు వీటిని ఈటింగ్ డిజార్డర్లు అంటారు. వీటిలో ముఖ్యమైనవి మూడు. ఒళ్లు శుష్కించిపోతున్నా తిండి తగ్గించుకుంటూ పోవడం అనోరెక్సియా. అదుపు లేకుండా తినేసి, తరువాత గొంతులో వేలు పెట్టుకొని కక్కడం, విరేచనాల మాత్రలు మింగడం లేక పస్తులుండడం బులీమియా. కక్కకపోయినా, పదే పదే అదుపు తప్పి తిని సిగ్గుతో కుంగిపోవడం బింజ్ ఈటింగ్. ఇవి ఆడపిల్లల్లో ఎక్కువ, అయితే మగపిల్లలకూ వస్తాయి. ఇవి మొండితనం కావు. తిన్నది అరక్క చేసే వేషాలు అంతకన్నా కావు. మానసిక జబ్బులన్నింటిలోనూ ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నవాటిలో అనోరెక్సియా ఒకటి.

ఈ జబ్బులకు మందు బిళ్లలు ఒక్కటే చాలవు. మాటలతో, అలవాట్లు మార్చడంతో చేసే చికిత్సే ప్రధానం. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన చికిత్స వీటిలో పేరుపొందినది. ఏం తిన్నాను, ఎప్పుడు తిన్నాను, అప్పుడు మనసులో ఏముంది అన్నది రోగి అప్పటికప్పుడు వ్రాసుకోవాలి. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి వేళ తప్పకుండా తీసుకోవాలి. సాధారణంగా 20 వారాలలో 20 సార్లు, బాగా చిక్కిపోయిన వారైతే 40 సార్ల వరకు కౌన్సిలర్‌ను కలవాలి. ఇంత శిక్షణ ఉన్న కౌన్సిలర్లు ధనిక దేశాలలోనే అవసరానికి తగినంత మంది లేరు.

అందుకే డాక్టర్ ఫెయిర్‌బర్న్ 1995లో, అదుపు తప్పి తినేవారు తమంతట తాము చదివి ఆచరించగల పుస్తకం వ్రాశారు. 2017లో బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య మార్గదర్శకాలు బులీమియా ఉన్న పెద్దవారికి మొదట ఇటువంటి స్వయం సహాయ పద్ధతినే సూచించాయి. అయితే పుస్తకం చేతికిచ్చి పంపించెయ్యమనలేదు. 16 వారాలలో 4 నుండి 9 సార్లు, ఒక్కొక్కసారి 20 నిమిషాల చొప్పున ఒక మనిషి పలకరించి ధైర్యం చెప్పాలన్నాయి. నాలుగు వారాలలో గుణం కనిపించకపోతే పూర్తి చికిత్సకు మార్చమన్నాయి. పుస్తకం చేసే పని ఫోను కూడా చేయగలదు గదా! డిజిటల్ చికిత్సల వెనుక ఉన్న ఆలోచన ఇదే. భోజనాల లెక్క జేబులోనే ఉంటుంది. కక్కాలనిపించిన అర్ధరాత్రి వేళ డాక్టరు దగ్గర ఉండకపోయినా ఫోను దగ్గరే ఉంటుంది.

ఇది ఎంతవరకు పనిచేస్తుంది? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ బార్ టేలర్ బృందం, తమ బరువు గురించి బెంగపడుతున్న 480 మంది కాలేజీ యువతులపై ఒక పరీక్ష జరిపి 2006లో ఫలితాలు ప్రకటించింది. సగం మందికి ఎనిమిది వారాలపాటు ఇంటర్నెట్ ద్వారా పాఠాలు చెప్పారు. మొత్తం మీద చూస్తే, కొత్తగా జబ్బు పడినవారి సంఖ్యలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాని మొదటినుండి కొంచెం లావుగా ఉన్నవారిని విడిగా చూస్తే, పాఠాలు విన్నవారిలో రెండేళ్ల వరకు ఒక్కరికీ జబ్బు రాలేదు. విననివారిలో నూటికి సుమారు 12 మందికి వచ్చింది. ఒకే పాఠం ఒకరికి మేలు చేసినంతగా మరొకరికి చేయడం లేదన్నమాట.

ఎవరి చికిత్స వారికి అన్న ఆలోచన ఇక్కడే వస్తుంది. అమెరికాలోని లూయీవిల్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ షెరి లెవిన్సన్ బృందం ఈ దారిలో పనిచేస్తోంది. రోజుకు కొన్నిసార్లు ఫోను మోగుతుంది. ఇప్పుడు భయంగా ఉందా, తినాలని ఉందా, ఎవరిమీదైనా కోపంగా ఉందా వంటి ప్రశ్నలకు రోగి జవాబులు ఇవ్వాలి. కొన్నాళ్లకు ఆ జవాబులను కంప్యూటరుతో లెక్కకట్టి, ఆ ఒక్క మనిషిలో ఏ ఆలోచన మిగిలిన వాటిని లాగుతోందో చూస్తారు. ఒకరికి నలుగురిలో కూర్చొని తినడమంటే భయం కావచ్చు. ఇంకొకరికి ఎందులోనూ తప్పు జరగకూడదన్న పట్టుదల కావచ్చు. చికిత్సను అక్కడినుండే మొదలుపెడతారు. ఈ పద్ధతి ఇంకా పరీక్షల దశలోనే ఉంది. కాని ప్రతి రోగినీ ఒక్కొక్క మనిషిగా చూడాలన్న దాని మూలసూత్రం మాత్రం మంచిది.

యంత్రాన్ని మనిషి కనిపెట్టి ఉండకపోతే ఏమౌతుందో కూడా చెప్పాలి. అమెరికాలోని నేషనల్ ఈటింగ్ డిజార్డర్స్ అసోసియేషన్ 2023లో తన టెలిఫోను సహాయ కేంద్రాన్ని మూసివేయాలని నిర్ణయించింది. ఆ సంస్థ దగ్గర టెస్సా అనే సంభాషణ యంత్రం ఉండేది. నిపుణులు ముందుగా వ్రాసిపెట్టిన జవాబులు మాత్రమే అది చెప్పినప్పుడు, 700 మంది యువతులపై జరిగిన పరీక్షలో కొంత మేలే కనబడింది. తరువాత దానికి సొంతంగా జవాబులు అల్లే కృత్రిమ మేధను జోడించారు. దానితో అది బరువు తగ్గడమెలాగో, రోజుకు ఎన్ని క్యాలరీలు తగ్గించాలో సలహాలిచ్చింది. పస్తులతో చిక్కిపోతున్న వారికి చెప్పవలసిన మాటలా ఇవి? 2023 మే నెలాఖరులో దానిని ఆపివేశారు.

ఇక మన సంగతి. ఈ యంత్రాలు అడిగే ప్రశ్నలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల పిల్లలను చూసి తయారుచేసినవి. లావైపోతానని భయమా అన్నది వాటిలో ముఖ్యమైన ప్రశ్న. కాని 1993లో హాంకాంగ్ డాక్టర్లు 70 మంది అనోరెక్సియా రోగులను పరిశీలిస్తే సగానికి పైగా ఆ భయం లేనివారే. 1995లో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు వర్ణించిన ఐదుగురు యువతులు కూడా తినకపోవడం, వాంతులు, బరువు తగ్గడం వంటి బాధలతో వచ్చారే గాని, లావుగా ఉన్నామన్న భ్రమతో రాలేదు. మన చిత్తూరు జిల్లాకు ఆనుకొని ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 2000 నుండి 2005 వరకు ఈ జబ్బులున్నట్టు గుర్తించిన 41 మంది పిల్లల్లో 35 మంది బాధ మానసిక కారణాలతో వచ్చే వాంతులే.

మన అమ్మాయి "లావైపోతాను" అనకపోవచ్చు. "ఆకలి లేదమ్మా", "కడుపు ఉబ్బరంగా ఉంది" అనవచ్చు. "ఈ రోజు ఉపవాసం" అని కూడా అనవచ్చు. ఆ మాటలను ప్రశ్నగా అడగని యంత్రం ఆమెకు జబ్బు లేదని తేల్చేస్తుంది. కాబట్టి ఇంగ్లీషు ప్రశ్నలను తెలుగులోకి మార్చినంత మాత్రాన సరిపోదు. మన పిల్లల మాటలు విని, వాటినుండి ప్రశ్నలు తయారుచేసే పరిశోధన జరగాలి. అంతవరకు ఆ మాటలు వినవలసింది మనమే.

శ్రమకాలపు ఉపవాసం విషయంలో తల్లిదండ్రులు ఒకటి గమనించగలరు. ఉపవాస దినాలు ముగిసినా బిడ్డ అన్నం ముట్టకపోతే, అందరితో కూర్చొని తినడానికి సాకులు చెబుతుంటే, తిన్న వెంటనే స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుంటుంటే, నెలసరి ఆగిపోతే అది భక్తి అనుకొని ఊరుకోకండి. తిట్టకండి, బ్రతిమాలుతూ కూర్చోకండి. డాక్టరుకు చూపించండి. తరచు వాంతులు చేసుకునేవారి రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. చాలా రోజులు పస్తులున్న వారికి ఒక్కసారిగా ఎక్కువ తినిపించడం కూడా ప్రమాదమే. స్పృహ తప్పితే ఆస్పత్రికే తీసుకువెళ్లాలి. అక్కడ ఏ యాప్ పనికిరాదు.

లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రి డాక్టర్లు 1987లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, 19 ఏళ్లలోపు అనోరెక్సియా మొదలై ఇంకా మూడేళ్లు నిండనివారికి కుటుంబాన్ని కలుపుకొని చేసిన చికిత్స ఎక్కువ మేలు చేసింది. డాక్టరు సలహాతో తల్లిదండ్రులే వడ్డించి, పక్కన కూర్చొని తినిపిస్తారు. బిడ్డ కోలుకున్న కొద్దీ ఆ బాధ్యతను తిరిగి బిడ్డకే అప్పగిస్తారు. ఆలస్యం చేయవద్దని మేము చెప్పేది ఇందుకే.

ఎవరైనా ఫోనులో చికిత్స ఉందంటే మూడు సంగతులు అడగండి. దీనిని తయారుచేసినవారు ఈ జబ్బు తెలిసిన డాక్టర్లేనా? అవసరమైతే మాట్లాడడానికి వెనుక మనిషి ఉన్నారా? ఇది క్యాలరీలు లెక్కపెట్టమంటుందా? మూడవదానికి అవునంటే ఆ యాప్ ఈ బిడ్డలకు వద్దు. ఎవరిని అడగాలో తెలియనివారు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోను చేయవచ్చు. రాత్రి పగలు తెలుగులో మాట్లాడతారు, రుసుము లేదు.

ఫోను ప్రశ్న అడగగలదు, జవాబు దాచిపెట్టగలదు, వేళకు గుర్తుచేయగలదు. అన్నం కలిపి ముద్ద పెట్టలేదు. అది మనం చేయవలసిన పని. ఈ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లో ఎవరి కంచం ఖాళీగా ఉందో చూడండి.