పట్టా చేతికొచ్చాకే అసలు పరీక్ష

అబ్బాయో అమ్మాయో అమెరికాలో ఎంఎస్ చేస్తున్నారన్న మాట ఇప్పుడు బళ్లారి, హోసూరు, బరంపురం తెలుగిళ్లలో మామూలైపోయింది. 2023-24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి భారత్ మళ్లీ మొదటి స్థానానికి చేరింది ఆ ఏడాదే. వీరిలో తెలుగువారి వాటా తక్కువేం కాదు. పంపేటప్పుడు పూలదండలు, ఫొటోలు, విమానాశ్రయం దాకా రెండు కార్ల జనం. ఆఖరి సెమిస్టర్‌లో ఆ పిల్లలు ఏం పడుతున్నారో మాత్రం ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు.

ఇంట్లోవాళ్ల లెక్క సులువు. పట్టా వస్తుంది, ఉద్యోగం వస్తుంది, అప్పు తీరుతుంది. అక్కడి లెక్క వేరు. 2025 నాటి నిబంధనల ప్రకారం చదువు ముగిశాక పని చేయాలంటే ‘ఓపీటీ’ అనుమతి తీసుకోవాలి. కోర్సు పూర్తయ్యే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ఆ తర్వాత 60 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి. అనుమతి 12 నెలలకు ఇస్తారు. సైన్స్, ఇంజినీరింగ్ వంటి చదువులైతే మరో 24 నెలలు పెంచుకోవచ్చు. అసలు మెలిక ఇంకోటుంది. ఓపీటీ మొదలైన రోజు నుంచి మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. అంటే పట్టా పుచ్చుకున్న కొద్ది రోజులకే గడియారం తిరగడం మొదలవుతుంది.

ఇక్కడ ఇంకో గడియారం తిరుగుతుంటుంది. అది బ్యాంకుది. చదువు కాలం, ఆపైన ఇంకో ఏడాది దాకా కిస్తీలు కట్టనక్కర్లేదని చాలా బ్యాంకులు చెబుతాయి. వడ్డీ మాత్రం డబ్బు ఇచ్చిన రోజు నుంచే పెరుగుతుంది. తెలంగాణ అంబేడ్కర్ విదేశీ విద్యానిధి వంటి పథకాలు ఆ రాష్ట్రం వారికే. సరిహద్దుకు ఇవతలున్న తెలుగు కుటుంబానికి చాలాసార్లు ఇంటి కాగితాలే దిక్కు.

ఈ రెండింటి మధ్య నలిగేది పిల్లలే. ఫోన్ ఎత్తగానే ‘ఏరా, ఏమైంది? ఏమన్నా వచ్చిందా?’ అని నాన్న అడుగుతాడు. పక్కింటివాళ్ల అబ్బాయి చేరిపోయాడని అమ్మ చెబుతుంది. వాళ్లది ప్రేమే. కానీ రోజూ అదే ప్రశ్న వింటుంటే పిల్లలు అబద్ధం నేర్చుకుంటారు. ‘ఇంటర్వ్యూలు బాగా అవుతున్నాయి నాన్నా’ అంటారు. సరిగ్గా అప్పుడే, లేని అనుభవాన్ని రెజ్యూమేలో రాసిపెడతామంటూ దళారులు తగులుతారు. అలా దొరికిన ఉద్యోగం ఎన్నాళ్లు నిలుస్తుందో, ఆ అబద్ధం తర్వాతి వీసా దగ్గర ఎలా అడ్డం తిరుగుతుందో చెప్పేవాళ్లుండరు.

2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్టన్ వర్సిటీ ఉదంతం మరిచిపోయేది కాదు. అమెరికా అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి వర్సిటీ అది. తరగతులు లేకుండా, కేవలం అక్కడ ఉండిపోయేందుకు చేరారన్న ఆరోపణపై సుమారు 130 మందిని పట్టుకుంటే దాదాపు అందరూ భారతీయులే. తెలుగు పిల్లలూ చాలామందే. వాళ్లు చేసింది ఒప్పని ఎవరూ అనరు. అంత తెగింపు వెనకున్న భయం ఎక్కడిదో కూడా చూడాలి కదా.

నిజాయతీగా ఉద్యోగం తెచ్చుకున్నా హెచ్-1బీ వీసా గండం ఉండనే ఉంది. ఏడాదికి 65 వేలు, అమెరికాలో పీజీ చేసినవారికి మరో 20 వేలు. దరఖాస్తులు మించితే లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమన్నారు. అక్కడే ఉండి విద్యార్థి వీసా నుంచి మారేవారికి వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చారు. తెలివికీ కష్టానికీ సంబంధం లేని మలుపులివి. కొడుకు ఓడిపోయాడనో కూతురు చేతకానిదనో అనుకుంటే అన్యాయం.

కాగితం మనిషి బతుకును ఎలా మారుస్తుందో సరిహద్దు తెలుగువారికి ఎవరూ చెప్పక్కర్లేదు. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసినప్పుడు ఇళ్లు కదల్లేదు, పొలాలు కదల్లేదు. బడి భాష, ఆఫీసు భాష మాత్రం మారాయి. ఆ ఇబ్బంది ఎరిగిన ఇళ్లవాళ్లు పరాయి దేశంలో కాగితం చేతపట్టుకుని నిలబడ్డ పిల్లల్ని అర్థం చేసుకోలేరా?

చేయాల్సింది పెద్ద పనేం కాదు. పంపే ముందే, ఉద్యోగం ఏడాది ఆలస్యమైతే కిస్తీ ఎలా కట్టాలో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవాలి. తిరిగొస్తే ఏం చేయాలన్నది కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. ఉగాదికి సభలు పెట్టే తెలుగు సంఘాలు ఏడాదికో పూట ఒక బ్యాంకు అధికారినీ, చదివి తిరిగొచ్చిన ఒకరిద్దరినీ పిలిచి తల్లిదండ్రులతో మాట్లాడించవచ్చు. వెళ్లేవాళ్లకు శాలువా కప్పినట్టే వచ్చినవాళ్లకూ ఓ కుర్చీ వేయాలి. ‘ఉద్యోగం రాకపోతే ఇంటికొచ్చెయ్, చూసుకుందాం’ అని నాన్న ఒక్క మాట అంటే చాలు. ఆ ధైర్యం ఉన్న పిల్లలు దళారి గడప తొక్కరు.