ఆటగాండ్ర లెక్క, మన లెక్క

ఆటలను గూర్చి ఈ పత్రికయందు సంపాదకీయము వ్రాయుట కొందరు పెద్దలకు వింతగా తోపవచ్చును. తెలుగు ఉపాధ్యాయుల ఖాళీలు, పాఠ్యపుస్తకముల ఆలస్యము, బడులలో పిల్లల సంఖ్య తగ్గుట వంటి ప్రశ్నలు ముందుండగా బ్యాడ్మింటనును గూర్చిన ప్రసంగమేల యని వారడుగుదురు. ఆ ప్రశ్నల కొరకే మేమీ వారము ఆటగాండ్ర ప్రస్తావన తెచ్చుచున్నాము. ఏటేట మన సంఘము ఉత్సాహముతో తీర్మానములు చేయుచున్నది. ఏడు తిరుగునప్పటికి వాని ఫలితమేమో ఎవరును చెప్పలేకున్నారు. అంగడిలో పైసాకు పైసా లెక్క వ్రాయు మనవారే సంఘములో మాత్రము లెక్క లేకయే పని నడుపుచున్నారు. ఉత్తమ క్రీడాకారులు అట్లు చేయరు.

మొదట పొరుగు జిల్లా సంగతి. బరంపురము నుండి దక్షిణముగా పోయి ఇచ్ఛాపురము చేరితిమా, అది శ్రీకాకుళము జిల్లా. ఆ జిల్లాలో ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేటలో బరువులెత్తుట నేర్చిన శ్రీమతి కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతియందు కాంస్యపతకము గెలుచుకొనిరి. ఒలింపిక్సులో పతకము గెలిచిన భారతీయ స్త్రీలలో ఆమెయే మొదటివారు. ఈ సంగతి అందరు నెరిగినదే. ఆ పోటీ నడచు విధమును మాత్రము అందరు గమనించి యుండరు. బరువులెత్తు పోటీలో ‘గెలిచెదను’ అనిన చాలదు. ఎన్ని కిలోలెత్తునో ముందుగా అధికారులకు తెలుపవలెను. ఒక్కొక్క పద్ధతికి మూడేసి యత్నములు మాత్రమే యుండును. కడ్డీపై బరువు పెరుగునే గాని తగ్గదు. నాడామె మొదటి పద్ధతిలో 110, రెండవ పద్ధతిలో 130, మొత్తము 240 కిలోలెత్తిరి. స్వర్ణము పొందిన చైనా యువతి మొత్తము 242.5 కిలోలు. కడపటి యత్నమునకు మల్లీశ్వరి పక్షమువారు 137.5 కిలోలు కోరిరి, అది లేవలేదు.

ఆ కోరిక సరియైనదా కాదా యని ఇన్నేండ్ల తరువాత ఇంటికడ కూర్చుండి తీర్పు చెప్పుట మాకు తగదు. మేము చూపదలచినది వేరొకటి. అచ్చట ప్రతి ఆశకును కిలోలలో ఒక అంకె యున్నది. అంకె యుండుటచేతనే నేటికిని దానిని గూర్చి వాదింపగలుగుచున్నాము. మన తీర్మానములలో అంకె లేదు. కనుక అవి తప్పినను తప్పినట్లు ఎవరికిని తెలియదు. ‘మన పిల్లలందరికిని తెలుగు వచ్చునట్లు కృషి చేయవలెను’ అను వాక్యము ఉగాది సభలో ఎన్ని మారులు కరతాళధ్వనుల మధ్య ఆమోదము పొందెనో! ‘కొంత సరుకు కొన్నాళ్లకు పంపుడు’ అని జాబు వ్రాసిన వర్తకునకు ఏ సరుకు వచ్చునో పాఠకులే ఊహింతురు గాక.

అంకె పెట్టుకొనిన తరువాత నష్టమును కూడ వ్రాసికొను ధైర్యము కావలెను. శ్రీమతి పి.వి. సింధు 2017లో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ పోటీల చివరి ఆటలో జపాను దేశపు ఒకుహారా చేతిలో ఓడిరి. ఆ ఆట 110 నిమిషములు సాగెను. మరుసటి సంవత్సరము నాన్‌జింగ్‌లో మరల చివరి ఆటలోనే స్పెయిను దేశపు మారిన్ చేతిలో ఓడిరి. 2019లో బాసెల్ నగరమున ఆ ఒకుహారానే 21–7, 21–7 పాయింట్లతో ఓడించి ప్రపంచవిజేత యైరి. ఓడిన ఆటలను మరల మరల తెరపై వేసి చూచుకొని, ఎచ్చట కాలు తడబడెనో, ఏ వైపు షటిలును వదలితిమో లెక్కించుట నేటి ఆటగాండ్రకు నిత్యకృత్యము. వర్తకులమైన మనము లాభమును పదిమందికి చెప్పుకొందుము. రానిబాకీల పద్దును మాత్రము పుస్తకము అడుగున దాచుదుము. దాచిన పద్దు దానంతట వసూలు కాదు గదా!

2016 రియో ఒలింపిక్సుకు ముందు శిక్షకుడు శ్రీ పుల్లెల గోపీచంద్ మూడు నెలలపాటు సింధు చేతికి ఫోను ఈయలేదనియు, ఐస్‌క్రీమును తీపి పెరుగును మాన్పించెననియు పత్రికలలో వచ్చినది. అప్పడములకును ఊరగాయలకును పేరుపడిన మన బరంపురమున నాలుకకు ఇట్టి కట్టడి సాగునా యని మా సందేహము. అది యటుంచుడు. ఆ శిక్షకుడు 2001లో ఆల్ ఇంగ్లండు విజేత. గచ్చిబౌలిలో తన శిక్షణాలయము కొరకు సొంత యింటిని తాకట్టు పెట్టిన మనిషి. తానే త్యాగము చేసినవాడు చెప్పిన నియమము గనుక శిష్యులు పాటించిరి. సంఘము పెద్దలమైన మేమును, మా తోడివారును, పిల్లలను తెలుగు తరగతికి పంపుడని ఇతరులకు చెప్పునప్పుడు ఈ మాట గుర్తుంచుకొనదగినది.

ఇక జట్టు సంగతికి వత్తము. మాకు అన్నింటికంటె విలువైనదిగా తోచినది ఇదియే.

యానాము సోదరులకు దగ్గరనే యున్న అమలాపురపు బిడ్డ రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. ముంబాయి వాసి చిరాగ్ శెట్టి. ఇద్దరి ఊళ్లు వేరు, ఇంటి భాషలు వేరు. ఇద్దరును పొడగరులు; ఇద్దరును ఆటస్థలము వెనుకభాగమున నిలిచి స్మాషు కొట్టుట కలవాటుపడినవారు. 2016లో మలేషియా దేశపు శిక్షకుడు టాన్ కిమ్ హెర్ వారి వారి పాత జోడీల నుండి విడదీసి వీరిని జతపరచెను. ఒకే బలము గల ఇద్దరు జోడైనచో చిక్కేమనగా, ఇద్దరును వెనుకనే నిలిచిన ముందు నెట్టుకడ ఖాళీ యేర్పడును. జంటల ఆటలో దాడి చేయునప్పుడు ఒకరు వెనుక, ఒకరు ముందు. కాచుకొనునప్పుడు ఇద్దరును ప్రక్కప్రక్కల నిలువవలెను. ఒకడు కదలినంతనే రెండవవాడు ఆ ఖాళీని పూడ్చవలెను. అడిగి చెప్పుకొను వ్యవధి యుండదు. నెట్టుకడ నిలుచు పనిని చిరాగ్ ఎక్కువగా తనదిగా నేర్చుకొనెను. దెబ్బ కొట్టినవాని పేరు అందరి నోట వినబడును. ఆ దెబ్బకు అదను కల్పించినవానిని ఆట తెలిసినవారే గుర్తింతురు. 2023 అక్టోబరులో ఈ జంట ప్రపంచమున మొదటి స్థానము పొందెను. భారతీయ జంటకు ఆ స్థానము అంతకు పూర్వము దక్కలేదు.

మన సంఘములో నెట్టుకడ నిలుచువారెవరు? స్మాషు కొట్టువారికి కొరత లేదు. ఉపన్యాసమునకు పదిమంది ముందుకు వత్తురు. వేదికపై కుర్చీలు చాలక కార్యదర్శి ప్రక్క యింటి నుండి తెప్పించును. సాయంకాలపు తెలుగు తరగతికి గది తాళము తీయుటకు, హాజరుపట్టీ వ్రాయుటకు, రెండు దినములు రాని పిల్లవాని యింటికి పోయి తల్లిని పలుకరించుటకు ఎందరు వత్తురు? ఈ చివరి పని మన ఆడపడుచులు చేసిన చోట తరగతి నిలిచినది, చేయని చోట ఎత్తిపోయినది. ఇది మేము కన్నులార చూచినది.

జంటకంటె పెద్దది జట్టు. 2022 మే 15న బ్యాంకాకులో భారతజట్టు 14 మారులు గెలిచిన ఇండోనేషియాను 3–0తో ఓడించి థామస్ కప్పును తొలిసారిగా తెచ్చెను. అందులో అల్మోరా కుర్రవాడు లక్ష్యసేన్ అంతకు ముందు క్వార్టర్ ఫైనలులోను సెమీఫైనలులోను తన ఆట ఓడెను. ఆ రెండు దినములును జట్టు 2–2 వరకు వచ్చి కడపటి ఆటపై ఆధారపడగా, కేరళకు చెందిన ప్రణయ్ గెలిచి నిలబెట్టెను. సెమీఫైనలులో అతడు ఆట నడుమ కాలు జారి చీలమండ నొచ్చియు ఆడెను. ఫైనలులో లక్ష్యసేన్ మొదటి ఆట గెలిచెను. సాత్విక్, చిరాగ్ 18–21, 23–21, 21–19తో రెండవది గెలిచిరి. మన కిదాంబి శ్రీకాంత్ మూడవది ముగించెను. ప్రణయ్ రాకెట్టు పట్టవలసిన పనియే లేకపోయెను. అంతమాత్రమున కప్పుపై అతని భాగము తగ్గెనని ఎవరైన అందురా?

ఇన్ని ఊళ్ల, ఇన్ని భాషల కుర్రవాండ్రు ఒక వరుసలో నిలిచిన ఈ కథ, పరభాషా రాష్ట్రమున తరతరములుగా నివసించు మనకు ప్రత్యేకముగా వర్తించును. తెలుగు నిలువవలెననిన ఒడియాను దూరము పెట్టవలెనని తలచువారు మనలో కొందరున్నారు. వారితో మే మేకీభవింపము. అర్జీని చక్కని ఒడియాలో వ్రాయగల తెలుగు యువకుడు ఆఫీసులో పని సాధించుకొని వచ్చును. మన తరగతుల మేలు కోరు ఒడియా ప్రధానోపాధ్యాయులు మనకు జోడీలే గాని ఎదుటి పక్షము కారు.

ఇట్లు చేసిన జయము తప్పదని మేము చెప్పుట లేదు. 2021లో టోక్యోలో సాత్విక్, చిరాగ్ మూడింట రెండాటలు గెలిచియు, అందులో ఒకటి తరువాత స్వర్ణము పొందిన జంటపైనే గెలిచియు, తరువాతి ఘట్టమునకు పోలేకపోయిరి. 2024లో పారిస్ ఒలింపిక్సులో క్వార్టర్ ఫైనలులో మలేషియా జంటపై మొదటి గేము 21–13తో గెలిచి, పిదప ఆట చేజార్చుకొనిరి. మరుసటి యేడు ఆ పారిస్‌లోనే ప్రపంచ పోటీలలో కాంస్యము తెచ్చిరి. అదియును గాక ఆటలో ఒకరు గెలుచుటకు మరొకరు ఓడవలెను. బిడ్డకు అక్షరము వచ్చుటకు ఎవరును ఓడనక్కరలేదు. ఈ విషయమున మన పనియే సులువు.

మనకు అంకెలు క్రొత్తగా కల్పించుకొను శ్రమ కూడ లేదు. 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము అంగీకరించిన సూత్రము ప్రకారము, ప్రాథమిక పాఠశాలలో తరగతికి 10 మంది గాని, పాఠశాల మొత్తమున 40 మంది గాని ఒక భాష పిల్లలున్నచో ఆ భాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెను. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించుటకు రాష్ట్రములు యత్నింపవలెనని చెప్పుచున్నది. హక్కు కాగితముపై నున్నది; దానిని అడుగుటకు పోవు మనచేత పదిమంది పిల్లల పేర్లుండవలెను. తొమ్మిది పేర్లతో పోయిన అధికారి తప్పేమున్నది? పదియవ బిడ్డ ఏ వీధిలో ఉన్నదో, ఏ కారణమున ఆంగ్లపు బడికి పోయినదో కనుగొనుటయే ఈ యేటి మన లక్ష్యము కావలెను.

సాయంకాలపు తరగతికిని మెట్లు నిర్ణయించుట మంచిది. దసరాకు గుణింతములు, సంక్రాంతికి ఒత్తులు, ఉగాది నాటికి ఈ పత్రికలోని ఒక వార్తను తడబడక చదువుట. ఏ మెట్టుకడ ఎందరు నిలిచిపోయిరో హాజరుపట్టీ చివర వ్రాసి, ప్రతి నెలయును ఈ పత్రికయందే ప్రకటింతుము. తగ్గినను దాచక ప్రకటింతుము.

వచ్చు ఆదివారము సాయంకాలము 5 గంటలకు సంఘ కార్యాలయమున కార్యవర్గము కూడును. వీధి పెద్దలు తమ వీధులలో బడియీడు వచ్చిన పిల్లల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, ఇప్పుడు చదువుచున్న బడి వివరములు ఒక కాగితముపై వ్రాసికొని రావలెనని కోరుచున్నాము. తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనో, హాజరుపట్టీ ఎవరు వ్రాయవలెనో ఆనాడే వంతులు నిర్ణయింపబడును. ఉపన్యాసములు ఆ దినము ఉండవు.